పలక నీడ

ఆ వేసవిలో మా మరిది సెలవు మీద ఇంటికి వచ్చాడు. సరిహద్దు అవతలి దేశంలో దూరప్రాంతాల బస్సులు నడుపుతాడు. గుమ్మంలో సంచి దించకముందే, కన్నతల్లిని పలకరించకముందే, వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూసి అన్న మొదటి మాట, "ఏం వదినా, ఇది ఇంకా ప్రాణాలతోనే ఉందా?"

"నిన్నొకసారి చూసి పోదామని బిగబట్టుకుని ఉందిలే" అన్నాను.

మా ఇల్లు పెద్ద రోడ్డుకి ఆనుకుని ఉంటుంది. వరండా మెట్టు దిగి, మురుగుకాలువ మీది బండ దాటితే రోడ్డే. సరిగ్గా మా గుమ్మానికి ఎదురుగా ఒక గొయ్యి ఉండేది. డ్రైవర్లు దానికి వియ్యపురాలు అని పేరు పెట్టారు. ఎంత వినయంగా వెళ్ళినా ఏదో ఒక లోటు ఎంచి గానీ పంపదని. ఆ దారిలో గోతులన్నిటికీ ఇలాంటి పేర్లే. ఊరి చివర ఉన్నది గుమస్తా. దాని ముందు ఆగి, తలవంచి, మెల్లగా పక్కనుంచి పోవాలి.

పొద్దున్నే నేను దీపం పెట్టి కళ్ళు మూసుకుంటానా, సరిగ్గా అప్పుడే బరువు లారీ ఏదో వియ్యపురాలిలో దిగేది. ఇల్లంతా ఉలిక్కిపడేది. అలమరలో గిన్నెలు గలగలమనేవి. దీపం కొండెక్కేది. మళ్ళీ వెలిగించేదాన్ని. స్వామీ, ఇది నా భక్తికి నువ్వు పెట్టే పరీక్షా, లేకపోతే వట్టి రోడ్ల శాఖ వాళ్ళ నిర్వాకమా అని అడిగేదాన్ని. ఆయన చెప్పలేదు. రోడ్ల శాఖ వాళ్ళూ చెప్పలేదు. ఇద్దరిలో దేవుడే నయం, అడగడానికి ఎదురుగా అయినా ఉంటాడు. రోడ్ల శాఖ వాళ్ళయితే ఎప్పుడో ఒకసారి ఒక డ్రమ్ము తారు, ఒక ట్రాక్టరు కంకర తెచ్చేవారు. ఒకడు పోసేవాడు, ముగ్గురు నడుం మీద చేతులు పెట్టుకుని చూసేవారు, ఒకడు ఫోటో తీసేవాడు. వాళ్ళ జీపు వెనక్కి వెళ్ళేటప్పుడే సగం కంకర లేచిపోయేది.

మా ఆయన ఆ రోడ్డు మీదే బస్సు నడిపేవారు. మా పెళ్ళికి ముందునుంచీ అదే రోడ్డు, అదే యజమాని. నేను తిట్టేదాన్ని, ప్రయాణికులు తిట్టేవారు, మా అత్తగారు మంచం మీద పడుకుని కూడా తిట్టేవారు. ఆయన ఒక్కరే ఆ రోడ్డుని ఎన్నడూ ఒక్క మాట అనలేదు. "తిడితే పూడుతుందటే?" అనేవారు. కొందరు దీన్ని మంచితనం అంటారు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

ఆ రోడ్డు మాత్రం ఆయన మీద జాలి చూపలేదు. ఆ వేసవికి ఆయన నడుము పూర్తిగా పాడైంది. పొద్దున బయల్దేరే ముందు వెడల్పాటి పట్టీ ఒకటి నేనే నడుముకి బిగించేదాన్ని. గట్టిగా బిగుసుకోవాలంటే నా కాలు ఆయన వీపుకి ఆనించి లాగాలి. మా అత్తగారు చూసి, "పోనీలే, మొగుణ్ణి కాలితో తన్నే భాగ్యం వీధి మొత్తమ్మీద నీకొక్కదానికే దక్కింది" అనేవారు. నవ్వేవాళ్ళం గానీ, డాక్టరు మాత్రం నవ్వలేదు. ఈ కుదుపులు ఇంకొన్నాళ్ళు తింటే మంచం దిగడం కూడా కష్టమన్నాడు. "అయితే బస్సు మానెయ్యాలా?" అని మా ఆయన అడిగితే, "బస్సు ఏం పాపం చేసిందండీ, మానాల్సింది రోడ్డు" అన్నాడు. పెద్ద చదువు చదివినవాళ్ళు ఇలాగే చెబుతారు. రోడ్డు మానేసి బస్సు ఎక్కడ నడపాలో మందుచీటీ మీద రాయడు.

అది ఎక్కడో మా మరిది చెప్పాడు.

"మా కంపెనీలో డ్రైవర్లని తీసుకుంటున్నారు అన్నయ్యా. నీ సంగతి చెప్పాను. పరీక్షకి రమ్మన్నారు. నెగ్గితే మిగతా కాగితాలన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఆ రోడ్డు మీద ఒక్క నెల నడిపావంటే, నడుమనేది ఒకటి ఉందన్న సంగతే మర్చిపోతావు."

"అంత బావుంటుందట్రా?" అన్నారు మా అత్తగారు.

"అద్దం అమ్మా, అద్దం."

"అద్దమైతే జారిపడరూ?"

"నీకెలా చెప్పాలి? బస్సు పోతుంటే ఆడవాళ్ళు కూర్చుని కాటుక పెట్టుకుంటారు. చెదరదు."

"ఇంట్లో పెట్టుకునే తీరిక లేదు కాబోలు, పాపం" అన్నారు అత్తగారు. నాకు ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

నిజం చెప్పాలంటే, ఆ కబురు విన్న సాయంత్రం నేను దేవుడి ముందు చాలాసేపు కూర్చున్నాను. ఈయన నడుము బాగుపడాలని మొక్కుకున్నాను. మా మరిది చేతుల మీదుగా కాకుండా బాగుపడితే మరీ సంతోషం అని కూడా అనుకున్నాను. అది మొక్కులో కలిపానో లేదో గుర్తులేదు.

ఎందుకంటే వాడు వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో మనుషులకి ఊపిరి ఆడనివ్వలేదు. టీ తాగితే గ్లాసు వంక చూసి "ఇందులో సగం మన రోడ్డే ఉంది" అనేవాడు. కిటికీ మీద దుమ్ము వేలితో తీసి, "ఇది మన ప్రభుత్వం" అని నాకు చూపించేవాడు. తుడవాల్సింది నేనే కదా, ప్రభుత్వం రాదు కదా. ఒకరోజు అన్నగారి బస్సులో ఊరికే పక్క ఊరిదాకా వెళ్ళొచ్చి, వరండాలో కూలబడి, నాలుగు ఎముకలు తక్కువయ్యాయని వెతుక్కుంటున్నట్టు ఒళ్ళంతా తడుముకున్నాడు. అందరినీ నవ్వించాడు. మా ఆయనా నవ్వారు.

"ఒరేయ్, నువ్వు స్టీరింగు పట్టింది ఈ రోడ్డు మీదే కదరా. నా పక్కన కూర్చునే కదా నేర్చుకున్నావు" అన్నారు.

"అందుకేగా అన్నయ్యా, మర్చిపోవడానికి అన్నాళ్ళు పట్టింది" అన్నాడు వాడు. అని, ఎందుకో గబుక్కున లోపలికి వెళ్ళిపోయాడు.

పరీక్షకి ముగ్గురం బయల్దేరాం. నేనెందుకంటే, పట్టీ బిగించడానికి ఒక మనిషి ఉండాలి కదా. మా మరిది లాగితే మాటలే వస్తాయి, పట్టీ బిగుసుకోదు.

సరిహద్దు దాకా మా రోడ్డు మమ్మల్ని దంచింది. పోతున్నారా, పొండి, మళ్ళీ నా దగ్గరికి రారా అన్నట్టు గేటు ముందు ఆఖరి గజం దాకా దంచింది. కాగితాలు చూపించి అవతల బస్సెక్కాం. కదిలిన కాసేపటికి, ఎవరో బస్సుని ఎత్తి నీళ్ళ మీద పెట్టినట్టయింది. ఇన్నేళ్ళుగా నా పళ్ళు ఒకదానికొకటి తగులుతున్నాయని, ఆ తగలడం ఆగాకే తెలిసింది.

మా మరిది నా మొహమే చూస్తున్నాడు.

"ఏం వదినా?"

"ఏముంది, రోడ్డు."

"అంతేనా?"

"మరేం చెయ్యమంటావు, లేచి దణ్ణం పెట్టనా?"

ఒప్పుకోక తప్పదు, రోడ్డు బాగుంది. తెల్లగా, వెడల్పుగా, ఎంత దూరం చూసినా గీత గీసినట్టుంది. కానీ రోడ్డు తప్ప ఇంకేమీ లేదు. అటూ ఇటూ కంచె. మేక లేదు, మనిషి లేడు, కనీసం తిట్టుకోవడానికి అడ్డం వచ్చే సైకిలు లేదు. నేను కిటికీలోంచి చూస్తూ నన్ను నేనే అడిగాను. గేటుకి ఇటువైపు కొండే అటువైపూ ఉంది. రాయి ఒకటే. ఎండ ఒకటే, వానా ఒకటే. అటు కురిసిన మబ్బే ఇటు వచ్చి కురుస్తుంది. మరి ఈ రోడ్డుకి ఈ వైభోగం ఏమిటి, మా రోడ్డుకి ఆ రోగం ఏమిటి? దేవుడు గీత గీసి, మావైపు తారుకి శాపం ఏమైనా పెట్టాడా? ఆయనకి అంత తీరిక ఉండదు. ఇది మనుషుల పనే. మనుషులంటే ఎవరో కూడా నాకు తెలుసు, ఫోటోలు తీసుకునేది వాళ్ళే.

మా ఆయన మాత్రం అద్దంలోంచి రోడ్డు చూడటంలేదు. చెవి ఒగ్గి ఏదో వింటున్నారు.

"చప్పుడే లేదేంటిరా?" అన్నారు.

"ఉండదు అన్నయ్యా."

"మరి బండి ఎలా ఉందో ఎలా తెలుస్తుంది?"

"ముందు గడియారాల్లాంటివి ఉంటాయి, అందులో చూడాలి."

"ఓహో" అన్నారాయన.

కంపెనీ షెడ్డు మా ఊరి ఆసుపత్రి కంటే శుభ్రంగా ఉంది. పరీక్ష పెట్టేవాడు వచ్చాడు. సన్నగా, నిటారుగా ఉన్నాడు. వేసుకున్న ప్యాంటు మీద గీతతో కూరగాయలు తరగొచ్చు. మనసులో వాడికి ఇస్త్రీ అని పేరు పెట్టుకున్నాను. ఖాళీ బస్సు ఎవడైనా నడుపుతాడు, వెనకాల మనుషులు కూర్చోవాలని చెప్పి, నన్నూ మరిదినీ ఎక్కించాడు. వాళ్ళ షెడ్డులో పనిచేసేవాళ్ళు కూడా కొందరు వచ్చి కూర్చున్నారు. మా మరిది వాళ్ళ భుజాలు తట్టి, మా ఆయన్ని చూపించి, ఏదో గొప్పగా చెప్పాడు. వాళ్ళు తలలూపారు.

మా ఆయన స్టీరింగు తాకి కళ్ళకద్దుకున్నారు. ఇస్త్రీ అది చూసి పెదవి చివర నవ్వాడు. నవ్వు బాబూ, నవ్వు, అనుకున్నాను. ఆయన చేతికింద ప్రయాణం చేసినవాళ్ళలో ఒక్కరికి ఒక్క గాయం కాలేదు. నీ ప్యాంటు మడత మాత్రం ఇవ్వాళో రేపో నలుగుతుంది.

రోడ్డు మధ్య వరసలో పొమ్మని చెప్పాడు. ఆయన పోనిచ్చారు. ఎంత బాగా నడిపారంటే, కాసేపటికి నాకు గర్వంలాంటిది వచ్చింది. ఇస్త్రీ కూడా వెనక్కి ఆనుకున్నాడు. దేవుడా, ఇంకాస్త దూరం, ఇంతే, అని నేను సంచిలో చెయ్యి పెట్టి పట్టీ చివర పట్టుకున్నాను. ఇక్కడే ఒక ఇల్లు, ఒక వంటగది, గిన్నెలు మోగని అలమర, కొండెక్కని దీపం. అన్నీ కళ్ళకి కట్టాయి. మంచం మీంచి ఎవరి సాయం లేకుండా లేచే మనిషి కూడా.

రోడ్డు మీదకి చాచిన పొడుగాటి ఇనప చెయ్యి ఒకటి వచ్చింది. దానికి ఊళ్ళ పేర్లు రాసిన పెద్ద పలక వేలాడుతోంది. ఎండ నెత్తి మీంచి కాస్త వాలిందేమో, ఆ పలక నీడ కింద తెల్లటి రోడ్డు మీద, మా వరసలోనే, నల్లగా, నలుచదరంగా పడి ఉంది.

ఆయన తిప్పారు.

ఎంత మెత్తగా తిప్పారంటే నా ఒళ్ళో సంచి కదల్లేదు. పక్క వరసలోకి వెళ్ళి, నీడ దాటించి, మళ్ళీ మా వరసలోకి వచ్చేశారు. మా రోడ్డు మీద పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా తిరిగే తిరుగుడే అది. పక్క వరసలో వస్తున్న కారు హారన్ గుక్కతిప్పుకోకుండా మోగినప్పుడు గానీ, ఏదో జరిగిందని నాకు తెలియలేదు.

ఆయన వేగం తగ్గించి, అద్దంలో వెనక్కి చూశారు.

"నీడా?" అన్నారు, ఎవరితోనూ కాకుండా.

ఇస్త్రీకి కోపం వచ్చినా బాగుండేది. కలానికి మూత పెట్టుకున్నాడు. మా మరిది వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో ఒక్క మాట అని, ఆవలించినట్టు నవ్వాడు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా నవ్వారు. మా మరిది నవ్వలేదు. కిటికీ వైపు తిరిగిపోయాడు.

ముగ్గురం తిరుగు ప్రయాణమయ్యాం. గేటు దాటి, మా రోడ్డు మొదటి దెబ్బ కొట్టగానే, మా ఆయన సీట్లో సర్దుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని నిద్రపోయారు. నాకు ఆ రోడ్డుని చూస్తే అంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర నేను గిన్నెలు తోముతుంటే మరిది మొహం కడుక్కోవడానికి వచ్చాడు. కుళాయి కట్టేసి, నా చేతిలో ఉన్న గిన్నె కింద పెట్టాను.

"వాడేమన్నాడు?"

"ఎవడు వదినా?"

"ఆ ఇస్త్రీ."

"ఇప్పుడెందుకులే."

"చెప్పేదాకా నీళ్ళు రావు. పళ్ళపొడితో అలాగే నిలబడు."

వాడు పక్కకి ఉమ్మి, పెదవులు తుడుచుకున్నాడు. "మీవైపు వాళ్ళంతా ఇక్కడే తిప్పుతారు అన్నాడు. అందుకే ఆ వేళకి, ఆ దారినే తీసుకొస్తాం అన్నాడు."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతులకున్న బూడిద కడుక్కోవాలని కూడా గుర్తులేదు.

"అంటే అక్కడ నీడ ఉంటుందని నీకు తెలుసు."

"తెలుసు."

"నువ్వూ తిప్పావా?"

"మొదటిసారి తిప్పాను. తర్వాత కూడా. మళ్ళీ మళ్ళీ పంపించేశారు. చివరికి ఎలాగో చేతులు బిగబట్టుకుని నెగ్గాను వదినా. నెగ్గాక కూడా చాలారోజులు నీడ కనబడితే భుజాలు గుంజేవి."

"మరి మీ అన్నయ్యకి ఒక్క మాట చెబితే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా? వచ్చిన దగ్గర్నుంచీ నోరు మూసింది లేదు. గ్లాసుకి వంక, కిటికీకి వంక. చెప్పాల్సిన ఒక్క మాట దగ్గరే నీకు మౌనవ్రతం వచ్చిందా?"

"చెప్పకూడదని కాదు."

"మరి?"

వాడు కుళాయి వైపు చూస్తూ అన్నాడు. "అన్నయ్య తిప్పడనుకున్నాను. అక్కడ అందరితోనూ అదే అన్నాను. మీరు మావాళ్ళని చాలామందిని చూశారు గానీ మా అన్నయ్యని చూడలేదు, ఆయన ఆ నీడ మీంచి నేరుగా పోతాడు, కావాలంటే వచ్చి చూడండి అని. ముందే చెప్పి నడిపిస్తే ఇంక అందులో గొప్పేముంది?"

"ఎవరి గొప్ప?"

వాడు వంగి, నేను కింద పెట్టిన గిన్నె పక్కకి జరిపాడు.

"ఆయన వెన్నుపూస పెట్టి నువ్వు పందెం కాశావన్నమాట. మా రోడ్ల శాఖ వాళ్ళకీ నీకూ తేడా ఏమిటయ్యా? వాళ్ళకైనా సిగ్గులేదని అందరికీ తెలుసు."

వాడి మొహం చిన్నదైపోయింది. ఇంకా అందామనే ఉంది, నా దగ్గర చాలానే ఉన్నాయి. కానీ మా ఆయన పెరటి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతిలో పట్టీ ఉంది. ఎప్పుడొచ్చారో ఏమో.

"వాడు చెప్పినా తిప్పేవాణ్ణే" అన్నారు. "చెవికి చెబితే చేతులకి ఏం తెలుస్తుంది? నల్లగా కనబడింది. వెనకాల మనుషులు కూర్చున్నారు. నీడో గొయ్యో తేల్చుకునేదాకా ఆగడానికి లేదు కదా. ఇదిగో, ఇది బిగించు, వేళవుతోంది."

నేను చేతులు కడుక్కుని, కాలు ఆనించి లాగాను. మా మరిది చూడలేక లోపలికి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ అనుకున్నాను.

ఆ తర్వాత కొద్దిరోజులకి ఎవరో పెద్దమనిషి ఆ దారిన పోతాడని తెలిసి, రోడ్ల శాఖ వాళ్ళకి ఎక్కడలేని చురుకు పుట్టుకొచ్చింది. రోలరు వచ్చింది. పొగలు కక్కే తారు వచ్చింది. మా ఇంటి ముందు వియ్యపురాలిని పూడ్చి, చదును చేసి, నల్లగా మెరిసేలా చేసి వెళ్ళారు. ఇన్నేళ్ళూ కాని పని, కావాలనుకుంటే ఒక్క పూటలో అవుతుందని అందరికీ చూపించడానికి వాళ్ళు సిగ్గుపడలేదు. పెద్దమనిషి కారు అద్దాలు బిగించుకుని పోయింది. ఆయన నిద్రపోతున్నాడని మా అత్తగారు, లేదు ఫోన్ చూసుకుంటున్నాడని నేను. ఏదైతేనేం, మా వియ్యపురాలు అణగిపోయిన సంగతి ఆయనకి తెలియనే లేదు.

తమాషా ఏమిటంటే, గొయ్యి పోయినా బళ్ళు తిరగడం మానలేదు. లారీలు, బస్సులు, మోటారు సైకిళ్ళు, అన్నీ మా ఇంటి ముందుకి వచ్చేసరికి, నున్నటి రోడ్డు మీద, లేని గోతి చుట్టూ వంపు తిరిగి పోయేవి. మా మరిది వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుని చూసేవాడు.

"చూడు వదినా మన జాతి. గొయ్యి తీసేసినా తల్లోంచి పోదు. వీళ్ళకి బంగారం రోడ్డు వేసినా ఇంతే. ఇలా వంకర్లు తిరుగుతూనే చస్తారు."

కుళాయి దగ్గర చిన్నబోయిన మొహం మళ్ళీ ఎప్పటిలా అయింది. ఇంకా పదునెక్కింది. సాయంత్రం మా ఆయన బస్సు వచ్చింది. అదీ తిరిగింది. మా మరిది ఏమీ అనలేదు. కుర్చీ గోడవైపు తిప్పుకున్నాడు. అనకపోవడమే నాకు ఎక్కువ మంటగా ఉంది. మాటంటే తిరిగి ఒక మాట అనొచ్చు. కుర్చీ తిప్పుకుంటే ఏం చెయ్యగలం?

ఆ రోజు దేవుడి ముందు కూర్చుని, మంచి మాట కాదని తెలిసీ అడిగాను. స్వామీ, ఒక్కసారి వీణ్ణి ఆ స్టీరింగు ముందు కూర్చోబెట్టి, ఏ గుమస్తాలోనో దించెయ్యి. నేను నోరారా నవ్వుకుంటాను. ఇలాంటి కోరికలకి ఆయన దగ్గర జవాబు ఉండదని తెలుసు. దీపం మాత్రం కొండెక్కలేదు. అవును మరి, గొయ్యి పూడిపోయింది కదా. ఇన్నాళ్ళకి ప్రశాంతంగా ప్రార్థన చేసుకోవడానికి కుదిరితే, నేను చేసుకున్న ప్రార్థన అది.

వేసవి చివర మా ఆయన బస్సు దిగిపోయారు. యజమాని దగ్గరికి వెళ్ళి, ఇంక నడపలేనని చెప్పి, షెడ్డులో పని అడిగారు. బయల్దేరే బళ్ళ టైర్లు, బ్రేకులు చూసి పంపే పని. నాకు ముందు చెప్పలేదు. పొద్దున నేను పట్టీ పట్టుకుని నిలబడితే, "ఇవ్వాళ్టినుంచి అక్కర్లేదు" అన్నారు. పట్టీ మడతపెట్టి అలమరలో గిన్నెల వెనక పెట్టాను. నడుము బాగుపడాలని నేను మొక్కుకున్నాను, ఎలా బాగుపడాలో చెప్పలేదు. దేవుడు ఇలా ఇచ్చింది ఇవ్వడం కిందికి వస్తుందా, తీసుకోవడం కిందికి వస్తుందా అని ఇప్పటికీ నాకు సందేహమే.

మా అత్తగారు మాత్రం, "నీకు ఇంక తన్నడానికి వీల్లేకుండా చేశాడే" అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆవిడకీ నవ్వు రాలేదు.

తొలకరి పడ్డ మర్నాడు మరిది తిరుగు ప్రయాణం. సరిహద్దు దాకా దింపడానికి తెలిసినవాళ్ళ వ్యాను అడిగి తెచ్చాం. మా ఆయన అలవాటుగా డ్రైవరు సీటు వైపు వెళ్ళి, తలుపు మీద చెయ్యి వేసి, ఆగారు.

"నువ్వు నడపరా" అన్నారు.

"నేనా?"

"డాక్టరు వద్దన్నాడు కదా."

ఆయన చుట్టూ తిరిగి వచ్చి, రెండో వైపు ఎక్కి కూర్చున్నారు. నేను ఆయన్ని ఆ సీట్లో అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. చేతులకి ఏం చెయ్యాలో తెలియనట్టుంది. నేను వెనక సామాన్ల పక్కన కూర్చున్నాను. అత్తగారు గుమ్మంలోంచి చెయ్యి ఊపుతూ, "అద్దం మీద జాగ్రత్తగా నడుపు నాయనా" అన్నారు.

వ్యాను సందులోంచి వెనక్కి తీసి, మలుపు తిప్పి, మా ఇంటి ముందు నుంచే పోనిచ్చాడు. రోడ్డు కడిగినట్టుంది. వాన పడ్డా తారు ఇంకా లేవలేదు. వియ్యపురాలు ఉన్న చోటు మిగతా రోడ్డు కంటే నున్నగా, నల్లగా మెరుస్తోంది. ఎదురుగా ఏ బండీ లేదు, మేక లేదు, మనిషి లేడు.

మా మరిది తిప్పాడు.

అచ్చం వాళ్ళన్న తిప్పినట్టే, చుట్టూ తిప్పి, మళ్ళీ దారిలోకి తెచ్చాడు. తెచ్చాక గానీ తనేం చేశాడో వాడికి తెలిసినట్టు లేదు. మెడ వెనక భాగం ఎర్రబడటం నాకు కనబడింది. అద్దంలో ఒక్కసారి నా కళ్ళలోకి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు.

వేసవి అంతా వాడి కోసం దాచిపెట్టుకున్న మాటలు నాలుక చివరికి వచ్చేశాయి. మన జాతి. బంగారం రోడ్డు. వంకర్లు తిరుగుతూనే చస్తారు. ఏది ముందు అనాలో తేల్చుకోవడమే ఆలస్యం. ఇన్నాళ్ళకి దేవుడు నా మొర విన్నాడు, కాస్త ఆలస్యంగా, కాస్త వేరుగా. నేను నోరు తెరిచాను.

మా ఆయన కిటికీలోంచి ఇంటి వైపే చూస్తూ, నా కంటే ముందు అన్నారు.

"ఇంకొంచెం ముందే తిప్పాలిరా. వెనకాల మీ వదిన కూర్చుంది."

వాడు "సరే అన్నయ్యా" అన్నాడు.

ముందు గుమస్తా వస్తోంది. వాడు అప్పటికే వేగం తగ్గిస్తున్నాడు.